గొలుగొండ గడి

నిఘంటువు పనికి సరేనన్న రోజున ఎవరైనా నా నోరు నొక్కేసి ఉంటే బాగుండేది. నర్సీపట్నంలో పాతికేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నారు కదా, మీ చుట్టుపక్కల ఊళ్లలో సేద్యం పనిముట్లను ఏమేమంటారో సేకరించి పంపండి అని ఒక సంఘంవాళ్లు అడిగితే ఉబ్బిపోయి ఒప్పుకున్నాను. నాగలి, కాడి, గొర్రు, కొడవలి, తట్ట, మోకు అన్నీ వేసవి సెలవుల్లోనే అయిపోయాయి. ఒక్క వస్తువు మాత్రం ఆ తర్వాత ఏడు నెలలు నా ప్రాణం తోడేసింది.

అది చక్రాల్లేని చెక్క బండి. బలమైన తుమ్మ పంగ ఒకటి నరికి, రెండు కాళ్లూ వెనక్కి వచ్చేలా నేల మీద పడుకోబెట్టి, వాటి మీద అడ్డంగా బల్లలు కొడతారు. ముందుకు వచ్చే మొద్దును చివర కాస్త పైకి చెక్కి, బెజ్జం వేసి, తాడు కడతారు. దమ్ము చేసిన మడిలో మామూలు బండి చక్రం ఇరుసు దాకా దిగబడిపోతుంది. ఇది మాత్రం బురద మీద పాకుతూ పోతుంది. ఊడ్పుల రోజుల్లో ఆకుమడి నుంచి నారు కట్టలు, మా వైపు మాటలో ఆకు కట్టలు, దీని మీదే చేరేవి. కోతలప్పుడు పనలు, మిగతా రోజుల్లో రాళ్లు, పేడ. ట్రాక్టర్లు వచ్చాక ఇది పొయ్యిలోకి పోయింది. నేను తిరిగిన ఊళ్లలో ఒక్కటంటే ఒక్కటి కంటబడలేదు.

వస్తువు పోతే పోయింది, మాటైనా మిగలాలి కదా అనుకున్నాను. ఆ మాట దగ్గరే వచ్చింది తంటా.

సంఘంవాళ్లు ఫోనుకి ఒక ఫారం పంపారు. వస్తువు, మాట, ఊరు, చెప్పినవారు, ప్రమాణ రూపం అని ఐదు గళ్లు. ఒక ఊరికి ఒక్క మాటే పట్టే గడి. ఏ గడి ఖాళీగా వదిలినా ఎర్రగా వెలిగి, ఇది తప్పనిసరి అంటుంది. పాతికేళ్లు పిల్లల పేపర్ల మీద ఎర్ర సిరా పోసినదాన్ని, ఆఖరికి నా మొహానే ఎర్ర సిరా కొట్టే యంత్రం దొరికింది.

ముందుగా ఎస్. రాయవరం వెళ్లాను. ఒక రైతు తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, అడగడమే ఆలస్యం, "ఈడుపుబల్ల అండీ, రాసుకోండి" అన్నాడు. హమ్మయ్య అని ఫోను తీశానో లేదో, లోపలినుంచి ఆయన భార్య కేక.

"ఈడుపుబల్లేటి, నీ మొకం! ఆకుబల్ల అంతారు."

"ఆకు మోసినప్పుడు ఆకుబల్ల అంతావు. రాయి మోసినప్పుడు రాతిబల్ల అంతావేటి?"

"అంతాను. అన్నాను కూడా."

ఆ తర్వాత గంటసేపు వాళ్లిద్దరికీ నేను అక్కడ ఉన్న సంగతే గుర్తులేదు. రెండు టీలు తాగాను. గొడవ బల్ల దగ్గర మొదలై, ఎప్పుడో అమ్మేసిన గేదె మీదుగా ఆడపడుచు పెళ్లి దాకా వెళ్లింది. చివరికి ఆవిడే గెలిచింది. ఆకుబల్ల అని రాసుకుని బయల్దేరితే, ఆయన గుమ్మం దాకా సాగనంపే మిషతో వచ్చి గొంతు తగ్గించి, "టీచరమ్మగారా, ఈడుపుబల్లే రాయండి. దానికేటి తెలుసు, దాని కన్నవారిది యలమంచిలి" అన్నాడు.

సరే, యలమంచిలి మాటేమిటో చూద్దామని మరో ఆదివారం బస్సెక్కాను. సంతలో మోకులు అమ్మే ఆయన బురదబండి అన్నాడు. పక్కనే ఉన్న బేరగాడు, "బండేటండీ, చక్రాలేవి?" అని అడ్డం తగిలాడు. "దానికి పేరెందుకండీ. ‘అది తే’ అంటే తెచ్చీవోరు. ఏదని ఎవులూ అడగనేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే ఇంట్లో మొగుడికో మాట, పెళ్లానికో మాట. ఒకే నోట పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. ఏ ఊరి గడిలో ఏది పెట్టను? సంఘంలో ఈ పని చూసే ఆయన ఫోను చేసి, "మేడమ్, ఇంత ఇబ్బందెందుకు, ప్రమాణ రూపం కింద జారుడుబండి అని పెట్టేసి కానివ్వండి" అన్నాడు. మా బురదలో అది జారుతుంటే ఇంక ఎడ్లతో పనేముంది సార్ అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ఇంత ఉడుకుమోత్తనం ఎందుకంటే, ఈ వస్తువు నాకు పరాయిది కాదు. మా నాన్న వడ్రంగి. మా సొంతూరు గొలుగొండ దగ్గర. ఆ చుట్టుపక్కల ఈ చెక్క బండ్లు చేసిన చేతులు మా నాన్నవే. నాకు ఐదేళ్లు నిండాక నా చదువు కోసమని మా వాళ్లు నర్సీపట్నం వచ్చేశారు. ఇక్కడ నాన్న తలుపులు చేశాడు, కిటికీలు చేశాడు, చర్చిలో బెంచీలు చేశాడు, ఈ బండి మాత్రం మళ్లీ ఎప్పుడూ చేయలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఒక వడ్రంగి పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. కనీసం ఆయన చేసిన వస్తువుకు ఆయన ఊరివాళ్లు పెట్టుకున్న పేరైనా అచ్చులో ఎక్కాలని నాకు పట్టుదల. మిగతా ఊళ్ల గళ్లు ఎలా పోయినా, గొలుగొండ గడి మాత్రం నిండాలి. చెప్పినవారు అన్న చోట మా ఇంటి మనిషే ఉండాలి.

ఆ ఊరి గురించి నాకున్నది ఒకే ఒక్క జ్ఞాపకం. అదీ ఈ బండి మీదే. తడి నారు కట్టల మీద కూర్చున్నాను. కింద గౌను తడిసి చల్లగా ఉంది. బండి బురదలో పాకుతుంటే చప్పరిస్తున్నట్టు చప్పుడు. ముందు ఒక తాడు బిగుసుకుని ఉంది. నేను రెండు చేతులూ ఎత్తి "హై! హై! బేగి!" అని ఎడ్లను అదిలిస్తున్నాను. నేను కేక వేస్తే బండి జోరందుకునేది. ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన పిల్లలకు ఈ కథ చెబుతాను. మీ టీచరు నాలుగేళ్లకే ఎడ్లు తోలింది తెలుసా అంటాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. ఆ ఎడ్లు తెల్లవో ఎర్రవో ఎవరూ అడగలేదు, నాకూ గుర్తులేదు.

ఊళ్లో మాకు ఇల్లూ పొలమూ లేవు. చర్చి మాత్రం ఉంది, నాన్నవైపు దూరపు చుట్టాలున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లి, మేము గుడి అనే ఆ చర్చి ఆవరణలో పెద్దవాళ్లను పట్టుకున్నాను. ముందు నాన్నకు వరసకు తమ్ముడయ్యే ఆయన. వస్తువేమిటో చేతులతో చూపించి చెప్పాను. ఆయన వెంటనే పోల్చుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు.

"మీ అమ్మనడుగమ్మా. ఆవిడకి బాగా తెలుసు."

తర్వాత ఒక ముసలావిడ. ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నానేటి సెప్పేది పిల్లా. మీ అమ్మ సెప్పాల" అంది. మూడో ఆయన అయితే నా ప్రశ్న పూర్తి కాకుండానే, చెప్పులు వెతుక్కునే పనిలో పడిపోయాడు. మళ్లీ అడిగితే ఆయనదీ అదే పాట, మీ అమ్మనడగండి.

నేనెంత తెలివిగలదాన్నో చూడండి. మా అమ్మ అంటే ఊళ్లో ఇంత గౌరవమా అని మురిసిపోయాను. చదువు లేకపోతేనేం, ఊరి మాటలన్నిటికీ మా అమ్మే పెద్ద దిక్కు అనుకున్నాను. తిరుగు బస్సులో కూర్చుని, చెప్పినవారు అన్న గడిలో అమ్మ పేరు ముందే కొట్టేశాను.

అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆ సాయంత్రం చేట ముందేసుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. విషయం చెప్పాను.

"ఎవులెవులన్నారు?" అంది.

చెప్పాను.

"ఊఁ" అంది. మళ్లీ పిక్కల్లో పడింది.

"మాట చెప్పమ్మా."

"నాకేటి తెలుసు. నాను సేసేనేటి దాన్ని? సేసినోడు పోయేడు."

"వాళ్లంతా నీకు తెలుసన్నారే!"

"అంతారు. ఆలకేటి పని."

ఆ రోజుతో మొదలు. రోజూ అడగడం నా వంతు, రోజూ దాటెయ్యడం ఆమె వంతు. ఒకనాడు మరిచిపోయానంది. ఇంకోనాడు దానికి పేరే లేదంది. ఇంకోనాడు, "ఊరూరా బోలెడు మాటలున్నాయి కదే, అందులో ఒకటి రాసీ" అని సలహా ఇచ్చింది. అలా రాయకూడదమ్మా, అది అబద్ధమవుతుంది అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చిన్నప్పుడు నా చెవులకు ఎక్కిన పాతకాలపు మాటలన్నీ ఆమె నోటివే. అలాంటి మనిషికి ఈ ఒక్క మాట దగ్గరే పళ్లు గిట్టకరిచిపోతాయా? ఒకరోజు బడిలో తనిఖీ జరిగి చిరాగ్గా ఇంటికి వచ్చాను. అమ్మ మళ్లీ తెలీదంది. "చదువుకోనివాళ్లతో వచ్చే చిక్కే ఇది. మాట విలువ తెలిస్తేగా!" అనేశాను. అమ్మ లేచింది. కంచంలో అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, పక్కన నీళ్లు పెట్టింది. అన్నందుకు సిగ్గుపడ్డాను, అయినా కోపం మాత్రం తగ్గలేదు.

ఇంతలో ఆ ఊరి చర్చిలో కోత పండుగ వచ్చింది. కొత్త పంటలో మొదటిది దేవుడికి తెచ్చి ఇచ్చే పండుగ. వరి పనలు, గుమ్మడికాయలు, బెల్లం దిమ్మలు, జీడిపిక్కలు, కోళ్లు, ఎవరికి ఏది పండితే అది బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం పాడతారు. అమ్మ ఏటా ఏదో వంకతో ఎగ్గొట్టే పండుగ ఇది. ఈసారీ మోకాళ్లు నొప్పులంది. ఆటో మాట్లాడాను, మందు రాశాను, కొత్త చీర కట్టబెట్టాను. ఊరు చూస్తే, పాత మనుషులు కనబడితే మాట దానంతటదే నోట్లోకి వస్తుందని నా ఎత్తు. అమ్మ ఆటోలో దారంతా బయటికే చూస్తూ కూర్చుంది.

గుడి నిండిపోయింది. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు చాపల మీద. అమ్మ ముందుకు రానంది, గోడవార చోటు చూసుకుని కూర్చుంది. వాక్యం అయింది, పాటలు అయ్యాయి. వేలానికి ముందు, మన ఊరి ఆడపడుచు, టీచరమ్మగారు, ఒక మంచి పని మీద వచ్చారు, రెండు మాటలు మాట్లాడతారు అని పాస్టరు అయ్యగారు మైకు నా చేతికిచ్చారు.

నేనే అడిగి ఇప్పించుకున్నాను ఆ మైకు. ఇప్పుడు తలచుకుంటే ఆ చేతిని ఏం చేయాలో తెలీదు.

మాటలు పోతున్నాయి, మనమే కాపాడుకోవాలి అంటూ బడిలో చెప్పినట్టే చెప్పాను. నాన్న చేసిన చెక్క బండిని వర్ణించాను. నారు కట్టల మీద కూర్చుని నేను ఎడ్లను తోలిన కథ కూడా చెప్పాను. కొందరు తలలు దించుకున్నారు. కదిలిపోయారనుకున్నాను. "దాని పేరు మా అమ్మను ఎంత అడిగినా చెప్పడం లేదు. ఆమెకు ఆ మాట నోట రావడం లేదు. ఈ గుడిలో ఉన్నవాళ్లలో ఎవరైనా సరే, గట్టిగా చెప్పండి" అన్నాను.

బలిపీఠం ముందు కట్టేసిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. ఇంతమంది పెద్దవాళ్లున్నారు, ఒక్కరు నోరు విప్పరే అని నాకు మళ్లీ చిరాకెత్తింది. మగవాళ్ల వైపు ముందు వరసలో చెవులు సగం పోయిన ఒక ముసలాయన ఉన్నాడు. నాన్నతో కలిసి రంపం లాగినవాడు. పక్కనున్న కొడుకును ఏమిటి, ఏమిటి అని మోచేత్తో పొడుస్తున్నాడు. కొడుకు పలకలేదు. నేనే మెట్టు దిగి వెళ్లి, ఆయన చెవిలో అరిచాను.

ఆయన మొహం విప్పారింది. వినబడనివాళ్లు మాట్లాడేంత గట్టిగా, గుడి అంతా వినబడేలా, ఆ మాట అన్నాడు. అని, ఆడవాళ్ల వైపు వేలు చూపించాడు.

"అదిగో, గోడవార కూకుంది కదా! ఇన్నాళ్లకి వొచ్చీసింది."

నేను నిజంగానే గోడ వైపు తిరిగి వెతికాను. ఆ చెక్క బండి ఒకటి తెచ్చి అక్కడ ఎక్కడో ఆనించారేమో అనుకున్నాను. గోడవార అమ్మ ఉంది. అమ్మ వెనక సున్నం కొట్టిన గోడ ఉంది. ఇంకేమీ లేదు.

ఎవరో పమిటలో నవ్వు కుక్కుకున్న చప్పుడు వినబడింది. "ఊరుకో నాన్నా" అని కొడుకు ముసలాయన వేలు దించాడు. అయ్యగారు నా చేతిలో మైకు తీసుకుని ఒక స్తోత్రగీతం ఎత్తుకున్నారు, అందరూ గబగబా అందుకున్నారు. అమ్మ తల దించలేదు. పమిట సర్దుకుని, ఎదురుగా ఉన్న గుమ్మడికాయల వైపే చూస్తూ, పెదవులు కదిలిస్తూ అందరితోపాటు పాడింది.

మా వైపు ఒక మర్యాద ఉంది. నాకు తెలియనిది కాదు. ఊళ్లో ఎవరికైనా మారుపేరు పెడతారు, ఆ పేరుతోనే పిలుస్తారు, చచ్చేదాకా వదలరు. కానీ ఆ మనిషి కడుపున పుట్టినవాళ్ల ముందు మాత్రం ఆ పేరు ఎత్తరు. ఎత్తితే చేయి చేసుకున్నంత తప్పు. ఊళ్లో ముగ్గురు ముగ్గురూ అమ్మనడగమన్నది గౌరవంతో కాదు, నా ముందు ఆ మాట అనలేక. పాఠం చెప్పినట్టు ఊరంతా తిరిగి, పెద్దవాళ్లను పీడించి, చివరికి మైకు పట్టుకుని మరీ నేను అడిగింది మా అమ్మ మారుపేరు.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. వేలంలో ఎవరో పాడిన గుమ్మడికాయలో ఒక ముక్క కోసి అమ్మ ఒళ్లో పెట్టారు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ చేట ముందేసుకుంది. నేను బడికి సెలవు పెట్టాను. ఎదురుగా కూర్చుని నేనూ పిక్కలు తీయడం మొదలుపెట్టాను. ఈసారి నేను ఏమీ అడగలేదు.

కాసేపటికి తనే చెప్పింది.

"ఆ ఏడు ఎడ్లకి గాలికుంటు తగిలింది. మనవొక్కలివే కాదు, ఊరందరివీ. ఆకు తీసీసేం. కట్టలు గట్టు మీదుండిపోనాయి. మడేమో ఆ సివరుంది. ఇంకో రెండ్రోజులుంటే ఎండిపోతాది. మీ బాబుకి రంపం కోసీసి సేతికి కట్టుంది. కౌలు మడి, అది పోతే ఏటి తింతాం?"

"అయితే?"

"అయితే ఏటుంది. నడుంకి తాడు సుట్టుకున్నాను. ఈడిసీసేను."

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. "నువ్వా?"

"మరెవులు? నెత్తి మీద ఎన్ని కట్టలు మోత్తాను. దాని మీదేత్తే బోలెడు. పొద్దున్న మొదలెట్టి పొద్దుగూకేదాకా ఈడిసేను."

అడగకూడదని ఉంది. అడక్కుండా ఉండలేకపోయాను. "అప్పుడు నేనెక్కడున్నాను?"

అమ్మ తలెత్తి నా వైపు చూసింది. "నువ్వా? పైనున్నావు. గట్టు మీద కూకోబెడితే పాముల బయం. ఇంటికాడ ఎవులున్నారు. కట్టల మీద కూకోబెట్టీసేను. ఇంక సూడాల, హై హై అని ఒకటే కేకలు." నవ్వింది. నిన్నటినుంచి అదే మొదటిసారి. "నువ్వు కేకేసినప్పుడల్లా బేగి ఈడిసీదాన్ని. పకపకా నవ్వీదానివి. మల్లీ కేకేసీదానివి."

లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. ఏళ్ల తరబడి పిల్లల ముందు నిలబడి చేతులెత్తి చూపించాను ఆ కేక ఎలా వేసేదాన్నో. హై, హై, బేగి. క్లాసంతా నాతో కలిసి అరిచేది. అక్కడ ఎడ్లు లేవు. ఆ తాడు చివర మా అమ్మ ఉంది. కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను, ఏడుపు ఆగలేదు, మళ్లీ కడుక్కున్నాను.

తిరిగొచ్చాక మిగతాది చెప్పింది. ఆ మర్నాడే ఊడ్పుల్లో ఆడవాళ్లు ఆ మాటతో పిలిచారట. ముందు సరదాకే. తర్వాత కొట్టు దగ్గర, నూతి దగ్గర, గుడిలో. ఏడాది తిరిగేసరికి కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లే లేకుండా పోయారు. నన్ను దాని కూతురనేవారట. బడిలో వేద్దామని తీసుకెళితే, తల్లి పేరేమిటని అడిగిన మేష్టరుకు అరుగు మీదున్నవాళ్లు ఆ పేరే అందించి నవ్వారట. ఆ నెలాఖరుకే మా వాళ్లు సామాను సర్దుకున్నారు.

"నీ సదువు కోసమే వొచ్చేం" అంది అమ్మ. "అది అబద్దం కాదు."

"నాన్నేమనేవాడు?"

"ఏటంతాడు. సేత్తో సేసినోడు కదా, ఆ మాటింటే సచ్చిపోయీవోడు. నన్నే కాదు, ఆ బండినీ అలగ పిలవడం మానీసేడు. ‘అది’ అనీవోడు. ఇక్కడికొచ్చేక ఎవులో సెయ్యమనొస్తే, ‘అది నాకు రాదండి’ అన్నాడు."

నాన్న మళ్లీ ఎందుకు చేయలేదో ఇన్నాళ్లకు తెలిసింది.

ఇక నా బాధ చెబుతాను. ముసలాయన నోట విన్న ఆ మాట, గొలుగొండ మాట, చాలా గొప్ప మాట. నేను సేకరించిన ఈడుపుబల్ల, ఆకుబల్ల, బురదబండి దాని కాలి గోటికి చాలవు. అందులో బురద చప్పుడు ఉంది, బరువు ఉంది, వంగిన నడుము ఉంది. నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఆ ముసలాయనా ఇంకో నలుగురూ పోతే అది నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. పాతికేళ్లు మాటల మీద బతికినదాన్ని, అలాంటి మాట ఒళ్లో పడితే పైకి చెప్పుకోలేకపోవడం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పను? ఊరి మీద కోపం. నవ్వినవాళ్ల మీద కోపం. ఆ మాట అంత బాగున్నందుకు దాని మీదా కోపం.

సంఘం ఆయన మళ్లీ ఫోను చేశాడు. గొలుగొండ ఒక్కటే మిగిలింది మేడమ్ అన్నాడు. ఫారం తెరిచాను. చెప్పినవారు అన్న గడిలో అమ్మ పేరు తీసేసి నాన్న పేరు పెట్టాను. మాట అన్న గడిలో ‘అది’ అని కొట్టాను. యంత్రం ఎర్రగా వెలగలేదు, తీసుకుంది.

రెండు రోజులకు ఆయన ఫోను. "ఇదేంటి మేడమ్, ‘అది’ అని పెట్టారు? అది మాట కాదు కదా."

"మా ఇంట్లో అంతే సార్."

"సర్వనామం మేడమ్. మీకు నేను చెప్పాలా."

ఆ వరస మొత్తం తీసేశారు. నాన్న పేరు కూడా దాంతోపాటే పోయింది. నిఘంటువులో గొలుగొండ దగ్గర ఆ వస్తువే లేనట్టు ఉంటుంది. చదివినవాళ్లెవరికైనా ఆ లోటు కనబడి కోపం వస్తే, వాళ్లకన్నా ముందే నాకు వచ్చింది.

ఆ సాయంత్రం అమ్మ అడిగింది. "ఏటి, రాసీసేవా?"

"లేదమ్మా. రాయలేదు."

ఇంకో రెండు పిక్కలు ఏరింది. తర్వాత, నా వైపు చూడకుండా అడిగింది. "నువ్వు సదువుకున్నదానివి కదా. సెప్పు. అది మంచి మాటేనేటి?"

"ఏం మంచి మాటమ్మా. ఒట్టి మోటు మాట" అన్నాను.

"అదే" అంది అమ్మ. చేట ఎత్తి, ఒళ్లో పడిన పిక్కలు దులుపుకుంది.